కల్లు లెక్కల్కి రాదన్న మా అత్త

మా ఇంట్ల తాగుడంటే మా ఆయన తాగేదే. మా అత్త తాగేది తాగుడు గాదు, కల్లు. ఈ తేడా నాకు పెండ్లైన కొత్తల్నే చెప్పిన్రు, నేను నమ్మిన గూడ. పొద్దూకితే మా అత్త కల్లు సీసా ముంగట పెట్టుకొని అరుగు మీద కూసుంటది. పల్లీలు నములుకుంట, "తాగి తాగి సెడిపోతుండు వీడు" అని కొడుకును తిడ్తది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక నేను బియ్యం ఏరుకునేదాన్ని.

మా ఆయన జిన్నారం దిక్కు కెమికల్ కంపెనీల ఆపరేటరు. తాగి డ్యూటీకి పోయి, రియాక్టరు పక్కన కునుకు తీస్తుంటే ఇంచార్జి సారు పట్టుకున్నడు. ఇంకొక్కసారి వాసనొస్తే గేటు బయటనే అన్నడు. పర్మినెంటు నౌకరి, పోతే మళ్ల దొరుకుతదా? నాకు కడుపు మండింది. "నౌకరి పోయిందంటే బిడ్డను తీసుకొని మా అమ్మగారింటికి పోత. నువ్వు సీసాతోని కాపురం చేసుకో" అన్న. ఉత్త బెదిరింపు గాదు, సంచి సర్ది మంచం కింద పెట్టిన.

కంపెనీ దవాఖానల నర్సమ్మ ఒక సంగతి చెప్పింది. తాగుడు మానెటోళ్లు ఐతారం ఐతారం పటాన్‌చెరుల ఒకతాన కూసొని మాట్లాడుకుంటరట, పైసలు గూడ తీసుకోరట. యాడనో ఆమెకూ తెల్వదు. బోర్డు ఉండదట. బోర్డు లేని జాగ ఎట్ల దొరకాలె?

ఐతారం మా ఆయనను నడుమ పెట్టుకొని నేను, మా అత్త బస్సెక్కినం. పోలీసోళ్లు దొంగను తీసుకపోయినట్టే ఉన్నది. పటాన్‌చెరుల మందుల షాపాయనను అడిగితే మా ఆయనను కిందికీ మీదికీ చూసి తెల్వదన్నడు. "దొరకలే గద, పోదాం పాండ్రి" అన్నడు మా ఆయన, మస్తు సంబురంగ. మా అత్తకు చిర్రెత్తింది. "పిల్లా, వీళ్లకేం ఎర్క? తాగెటోళ్లు యాడికి పోయిన్రో అమ్మెటోనికే ఎర్కుంటది" అని సక్కగ కల్లు కంపౌండుకు నడిసింది. మా ఆయన మొఖం ఎలిగింది.

కంపౌండాయన మా అత్త మాటిని నొసలు కొట్టుకున్నడు. "ఎర్క లేకేంది అవ్వా? నా పక్కా గిరాకీలు కల్లు మాని ఆడ్నే కలిసిన్రు. ఆ గల్లీల ఇస్కూలు, ఎనక రూము" అన్నడు. చెప్పుడైతే చెప్పిండు గని, ఇంకెవ్వలకు చెప్పకుండ్రని బతిమాలిండు.

రూముల చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుసుకొని పెద్ద పెద్ద మనుషులు చాయ్ తాగుతున్నరు. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన రమ్మన్నడు. మా అత్త కూసుంటనే "ఏ ఊరు బిడ్డా మీది? ఎవలింటోళ్లు?" అని అందర్ని అడుగుడు మొదలువెట్టింది. "పేర్లు, ఊర్లు ఈడ అడగమమ్మా" అన్నడు పెద్దాయన. "మరి మాట్లాడుడెట్ల?" అన్నది మా అత్త, నిజంగనే పరేషానయ్యి.

ఒక్కొక్కలు తమ సంగతి చెప్పినంక మా ఆయన వంతొచ్చింది. "ఇగ బ్రాందీ మానేస్త, కల్లొక్కటే తాగుత" అన్నడు. "కల్లు గూడ అదే భాయ్" అన్నడు పెద్దాయన. మా అత్త గయ్యిమన్నది. "కల్లెట్ల లెక్కల్కొస్తది? చెట్టుకెళ్లి కారేది, సలువ. నేను రోజు తాగుత, నాకేమైంది?"

పెద్దాయన ఆమెతోని కొట్లాడలే. మా ఆయననే మెల్లగ అడిగిండు, మొదలు ఎప్పుడు తాగినవని. "యాది లేదు" అన్నడు మా ఆయన.

"నాకు యాదున్నది" అన్నది మా అత్త నవ్వుకుంట. "నాట్లకు పోతే వీన్ని గట్టు మీద పండవెట్టేది. పాలకు ఏడుస్తే ఏలు కల్లుల ముంచి నోట్ల పెట్టేదాన్ని. సప్పరిచ్చి సప్పరిచ్చి పండేటోడు, నేను మడిల దిగేది." అందరు నవ్విన్రు, నేను గూడ నవ్విన. నవ్వుడైనంక చూస్తే మా అత్త తన ఏలు తనే చూసుకుంటున్నది.

తిరిగి ఇంటికొచ్చినం. ఆ పొద్దు అరుగు మీద సీసా లేదు, పల్లీలే ఉన్నయి. కల్లు మానేసరికి మా అత్తకు కొన్ని దినాలు చేతులు వణికినయ్, నిద్ర పట్టలే, ఊకె నన్ను తిట్టింది. "సలువ అంటివి గద అత్తా" అని ఎత్తిపొడిస్తే పల్లీల పొట్టు నా మీద ఇసిరింది. అయినా ఆమె అవస్థ చూస్తే నాకు పానం కొట్టుకునేది.

మళ్లొచ్చిన ఐతారం మా ఆయన రానన్నడు. "నీ ఇష్టం. నాకైతే అవుసరమున్నది" అని మా అత్త చెప్పులేసుకున్నది. ముసలామెను ఒక్కదాన్నే బస్సుల ఎట్ల పంపుతడు? ఎన్కనే పోయిండు. గట్లనే ప్రతి ఐతారం పోయిన్రు. ఎవలన్న అడిగితే, "మా అమ్మకు కల్లలవాటు, మానిపియ్యడానికి తీస్కపోతున్న" అని గల్లీ అంతా చెప్పిండు. మా అత్త పళ్లు కొరికేది గని కాదనేది గాదు. నా సంచి మాత్రం మంచం కిందనే ఉన్నది.

వానకాలంల ఒక ఐతారం మా అత్త జెరమొచ్చి లేవలే. మా ఆయన గడపల నిలవడ్డడు. ఇగ అమ్మ సాకు లేదు, బస్సుకు పోయే తొవ్వలనే కల్లు దుకాణమున్నది. ఆఖరికి మా ఆయన చెప్పులేసుకొని పోయిండు. ఏడికి పోయిండో తెల్వక, నేను పొద్దంతా మంచం కిందికే చూసుకుంట కూసున్న.

దీపాలు పెట్టే యాళ్లకు వచ్చిండు. మా అత్త దుప్పట్లకెళ్లి తల బయటపెట్టి మొదలు వాసన చూసింది. వాసన లేదు. "ఏం చెప్పినవ్‌రా ఆడ, నా గురించి?" అన్నది.

"నీ గురించి ఎందుకు చెప్త?" అని మా ఆయన ఆమె కాళ్ల కాడ కూసున్నడు. "నా గురించే చెప్పిన."

మా అత్త దుప్పటి మొఖం మీదికి గుంజుకొని, "పిల్లా, ఇగ ఆ సంచి ఇప్పు. అండ్ల నా మంచి చీర గూడ పెట్టుకున్నవ్" అన్నది.