బావ వద్దన్న బ్యాటరీలు

హైదరాబాద్ ఆస్పత్రి నుంచి అక్క ఫోన్ చేసినప్పుడు నేను వికారాబాద్ బస్టాండులో ఉన్నాను. "మీ బావ లేడురా" అన్నది. ఆమె ఏడవలేదు, నేనూ ఏడవలేదు. అక్కడ కాలిన ఒంటితో ఆయన పడిన బాధ చూశాక మా ఇద్దరికీ మిగిలింది కోపమే. అది తగ్గకముందే ఇది రాస్తున్నాను.

బావ తాండూరు అవతల ఒక నాపరాళ్ల గనిలో సూపర్‌వైజర్. కూలీలు దిగకముందే పెద్ద టార్చిలైట్ పట్టుకొని గని గోడల్లో పగుళ్లు వెతికేవాడు. ఆ లైటుకు బ్యాటరీలు కొనడమంటే ఆయనకు పెళ్లి సంబంధం చూసినంత పని. ఒకసారి వికారాబాద్‌లో నన్ను దుకాణాలన్నీ తిప్పాడు.

"గిది కొత్త మాల్ అన్నా. పవర్ మస్తుంటది" అన్నాడొక దుకాణదారుడు.

బావ దాన్ని అరచేతిలో పెట్టుకొని చూశాడు. మరీ తేలిక. తయారుచేసిన కంపెనీ పేరు లేదు. పవర్ అంకె మాత్రం పెద్దగా అచ్చేసి ఉంది.

"గింత సెల్లుల గంత పవర్ యాడికెళ్లొస్తది? పాత లాప్‌టాప్‌లల్లకెళ్లి పీకి కొత్త తొడుగేసిండ్రు" అని కౌంటర్ మీద పెట్టేశాడు. దుకాణదారుడు ముఖం మాడ్చుకున్నాడు. నాకు సిగ్గేసింది, బావకు వేయలేదు. చివరికి తెలిసిన కంపెనీవి, ఛార్జింగ్ ఎక్కువైతే ఆగిపోయే రక్షణ ఉన్నవి, రసీదు ఇచ్చే దుకాణంలోనే కొన్నాడు.

"బామ్మర్దీ, లైటు ఎంత జోరుంటే లోపల మంట గంత ఉన్నట్టే. నమ్మకమున్నదే ఎయ్యాలె" అన్నాడు బస్సెక్కుతూ.

పాతదీ కొత్తదీ కలిపి వేయనిచ్చేవాడు కాదు. తొడుగు చిరిగితే పక్కన పెట్టేసేవాడు. ఛార్జింగ్ ఉత్త గచ్చు మీద, అదీ మనిషి చూస్తుండగానే. అక్క పొయ్యి మీద పప్పు పెట్టి "జర చూడు" అంటే, "నేను బ్యాటరీ చూస్తున్న, కనబడ్తలేదా?" అనేవాడు. పప్పు మాడేది.

అలాంటి మనిషి ఉన్న గనికి దాని యజమాని సేటు, కంపెనీ పేరులేని బ్యాటరీల డబ్బా పంపాడు. బావ వద్దన్నాడు. "మా పానాల మీద పెడ్తవా సేటూ?" అని ఫోన్‌లో అరుస్తుంటే అక్క విన్నది. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుందని వాటిలో ఒకటి ఇంటికి తెచ్చి, పెరట్లో ఇసుక డబ్బాలో పెట్టాడు. గనిలో మాత్రం ఆయన లైటుకు తప్ప మిగతా లైట్లన్నింటికీ సేటు పంపినవే వేయించారు.

ఒక మధ్యాహ్నం బావ గని గట్టు మీద ఉండగా, కాపలా గదిలో గోనెసంచుల పక్కనే ఎవరో వాటిని ఛార్జింగ్ పెట్టారు. ఒకటి పేలింది. లోపల ముసలి వాచ్‌మన్ పడుకొని ఉన్నాడు. బావ పొగలోకి దూరి ఆయన్ని బయటికి నెట్టాడు. తను వచ్చేలోపే గోనెసంచులు అంటుకున్నాయి.

అందరూ దీన్ని ప్రమాదం అంటున్నారు. వద్దని మొత్తుకున్నాక జరిగినదాన్ని ప్రమాదం అనడానికి నాకు నోరు రావడం లేదు.

దినం నాడు సేటు వచ్చాడు. ఫొటోకు దండ వేసి అక్క ముందు కూర్చున్నాడు.

"ఏం జేస్తమమ్మా, ఖర్మ. ఆ బ్యాటరీలు ఆయనే యాడ్నో కొన్కొచ్చినట్టున్నడు."

అక్క లేచి పెరట్లోకి వెళ్లింది. ఇసుకలోంచి ఆ బ్యాటరీ తీసుకొచ్చి అతని ముందు పెట్టింది.

"నువ్వు పంపిందే ఇది. మంచిదే అయితే తీస్కపో సేటూ. నీ మంచం పక్కన ఛార్జింగ్ పెట్టుకొని పండు."

సేటు దాన్ని ముట్టుకోలేదు.

గుమ్మం దగ్గర, చేతికి కట్టుతో కూర్చున్న వాచ్‌మన్ నోరు విప్పాడు. "డబ్బా నువ్వే పంపినవు సేటూ. బండిల నుంచి దించింది నేనే. పోలీసోళ్లకు గదే చెప్పిన."

సేటు చెప్పులేసుకొని వెళ్లిపోయాడు. మర్నాడే ఆ ముసలాయన్ని పనిలోంచి తీసేశారు. కేసు నడుస్తోంది. ఏమవుతుందో తెలియదు. బావ ఉండి ఉంటే గట్టిగా అరిచేవాడని మాత్రం తెలుసు. మా ఇంట్లో ఎవరికైనా వద్దన్నచోట వద్దని అనడం వచ్చిందంటే అది ఆయన్ని చూసే.

దినం నాడు సేటు వెళ్లాక భోజనాల బంతి వేశారు. వాచ్‌మన్ విస్తరి ముందు తలవంచుకొని కూర్చున్నాడు, ముట్టలేదు. అక్క వచ్చి ఎదురుగా కూర్చుంది.

"తిను పెద్దయ్యా. ఆయన నిన్ను బయటకి తెచ్చింది ఉపాసముంచనీకి కాదు."

ఆయన కుడిచేతికి కట్టు. అక్క ముద్ద కలిపి ఎడమ అరచేతిలో పెట్టింది. ముసలాయన తిన్నాడు. ఇంకో ముద్దకు చెయ్యి చాపాడు.