తాబేలు వైపు చూడని పిల్ల

మొన్న స్టేషనరీ దుకాణంలో ఎవరో ట్రేసింగ్ పేపరు చుట్ట విప్పారు. ఆ కరకర చప్పుడు చెవిన పడగానే నేను వచ్చిన పని మరిచిపోయాను. కొనాల్సింది కవర్లు, కొన్నది పది అడుగుల ట్రేసింగ్ పేపరు. ఇప్పుడు బొమ్మలన్నీ కంప్యూటరు మీదే వేస్తాను కాబట్టి దానితో నాకు పనే లేదు. అయినా ఆ చప్పుడు వింటే చాలు, విజయనగరంలో రైల్వే గేటు దగ్గరి మేడ మీది గదిలో, మా టీచరమ్మ బల్ల ముందు నిలబడ్డట్టే ఉంటుంది.

టీచరమ్మ పేరు ఎస్తేరు. శ్రీకాకుళం బాప్టిస్టు కుటుంబం. మిషన్ బడిలో ఇరవయ్యేళ్ళు డ్రాయింగు నేర్పారు. ఆదివారం బడి పిల్లలకు కథల బొమ్మలు అట్టల మీద గీసి చూపించేవారు. యాభై దాటాక ఉద్యోగం మానేసి యానిమేషన్ స్టూడియో పెట్టారు. చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఈ వయసులో కార్టూన్లేమిటని చుట్టాలు నవ్వితే, "ఇన్నాళ్ళూ బొమ్మలు నిలబెట్టేను, ఇప్పుడు నడిపించి సూస్తాను" అన్నారట. నేను చేరేసరికి ఆ గదిలో ఐదుగురున్నారు. నాతో ఆరుగురం.

నా నోటి గురించి ముందే చెప్పేయాలి. మా అమ్మ రోజుకోసారైనా "నోరు మంచిదైతే ఊరు మంచిదే" అనేది, నన్ను చూసే. చేరిన మూడో రోజున సూరిబాబు అనే కుర్రాడి బొమ్మ బల్ల మీదికి వచ్చింది. వల తాడు లాగుతున్న జాలరి. "ఏం బాగోలేదు, చచ్చిన చేతులు" అన్నాను. సూరిబాబు ముఖం మాడిపోయింది. టీచరమ్మ కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"బాగుందో బాగునేదో నిన్నెవులడిగేరే పైడీ? బాగునేదంటే ఆడేటి సేస్తాడు, ఇంటికెళ్ళి ఏడుస్తాడు. నీకేటి కనబడతన్నాదో సెప్పు. ఆడే దిద్దుకుంటాడు."

కోపం దిగమింగి మళ్ళీ చూశాను. ఈసారి నిజంగా చూశాను. "తాడు గట్టిగా లాగుతన్నాడు, కానీ కాళ్ళు ఇసకలో దిగనేదు" అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే సూరిబాబు లేచాడు. బల్ల మీది కాగితం లాక్కుని, బొమ్మలో జాలరి మడమలు ఇసుకలోకి దించి, నడుము వెనక్కి వాల్చాడు. అంతే, చచ్చిన చేతులకు ప్రాణం వచ్చేసింది. వాటిని వాడు ముట్టుకోనే లేదు! నాకు ఒళ్ళు పులకరించింది. తిట్టడంలో ఉందనుకున్న సుఖం దీని ముందు ఎందుకూ కొరగాదని ఆ రోజే తెలిసింది.

ఆ గదిలో ఇంకో కట్టుబాటు ఉండేది. ఒకరి బొమ్మ మీద ఇంకొకరు గీత పెట్టకూడదు. చెప్పదలచింది పైన ట్రేసింగ్ పేపరు పరిచి దాని మీద గీసి చూపించాలి. నచ్చితే గీసినవాళ్ళు తీసుకుంటారు, నచ్చకపోతే కాగితం పక్కన పెట్టేస్తారు, కింది బొమ్మ చెక్కుచెదరదు. టీచరమ్మ కూడా ఆ గీత దాటేవారు కాదు.

అప్పట్లో మేము హైదరాబాదు సంస్థ ఒకదాని కోసం పిల్లల చిన్న సినిమా చేస్తున్నాం. సముద్రం ఒడ్డున గుడ్లు పగిలి బయటికొచ్చిన తాబేలు పిల్లలను కాపాడే నీలి అనే పదేళ్ళ పిల్ల కథ. నీలి తల్లి పోలమ్మ, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగే మనిషి. ఆ పోలమ్మను నాకిచ్చారు. యానిమేషన్ పుస్తకంలో నడక ఎలా గీయమన్నారో అలాగే గీశాను, అడుగడుక్కీ తల పైకీ కిందకీ. గర్వంగా చూపించాను.

"సూరీ, ఏటి కనబడతంది?" అన్నారు టీచరమ్మ.

"ఈది సివరికెళ్ళేసరికి బుట్టలో సేపలుండవండి" అన్నాడు సూరిబాబు. బాకీ తీర్చుకున్నాడు.

పుస్తకంలో అలాగే ఉందని నేను గొడవకు దిగాను. ఆవిడ వాదించలేదు. స్టీలు బేసిన్ నిండా నీళ్ళు పోయించి నా నెత్తిన పెట్టించి, "ఈది సివరిదాకా ఎళ్ళిరా, మాటాడుకుందాం" అన్నారు. వీధివీధంతా బయటికొచ్చి నవ్వింది. వెళ్ళేటప్పుడు సగం నీళ్ళు నా మీదే పోసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మెడ తనంతట తానే బిగిసింది, మోకాళ్ళు మెత్తబడ్డాయి, ఊపంతా నడుములోకి దిగింది. చుక్క ఒలకలేదు! తడిబట్టలతోనే కూర్చుని పోలమ్మను మళ్ళీ నడిపించాను.

సినిమా పూర్తి చేసి పంపితే తిరిగొచ్చింది. "మనసుకు పట్టలేదు" అని ఒక్క ముక్క రాశారు. ఎక్కడ పట్టలేదో, ఎందుకు పట్టలేదో లేదు. వారం గడువిచ్చారు. ఈసారీ కాదంటే మా గదికి తాళమే. టీచరమ్మ సినిమా మొత్తం రెండుసార్లు చూసి, తాబేలు పిల్ల ఒకటి కదలకుండా పడిపోతే నీలి ఏడ్చే ఘట్టం తానే మళ్ళీ గీస్తానన్నారు. ఏడ్చే పిల్లలను గీయడంలో ఆవిడ చెయ్యి అలాంటిది.

రెండు రోజుల తరవాత బొమ్మ బల్ల మీద పెట్టారు. పెద్ద పెద్ద కళ్ళు, చెంపల మీద నీటిబొట్లు, వణికే పెదవి. "అద్భుతం టీచరమ్మా" అన్నారు అందరూ. సూరిబాబు చప్పట్లు కొట్టాడు. నేను నోరెత్తలేదు. నాకు పని నేర్పిన మనిషి, పైగా గడువు తరుముకొస్తోంది.

"ఏటే పైడీ, నీ నోటికి తాళమేసేసినావా?"

బొమ్మ వైపు వేలు చూపించాను. "పిల్ల ఏడుస్తన్నాది టీచరమ్మా. కాళ్ళ దగ్గిర తాబేలు పిల్ల కదలకుండా పడున్నాది. కానీ పిల్ల దాన్ని సూడ్డం నేదు. మనల్ని సూసి ఏడుస్తన్నాది."

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని బొమ్మను చాలాసేపు చూశారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఇరవయ్యేళ్ళు... అట్టల మీద, ఎనక బెంచీ పిల్లలక్కూడా కనబడాలని మొకాలన్నీ ఇటే తిప్పి గీసేనే" అన్నారు మెల్లగా. ఆ తరవాత ట్రేసింగ్ పేపరు నా ముందుకు తోశారు. "నీకెలా ఉండాలో గియ్యి."

గీశాను. మనవైపు వీపు పెట్టి, తల వంచుకుని గొంతుక్కూర్చున్న నీలి. ఆవిడ చూసి, నా కాగితం పక్కన పెట్టి, కొత్త కాగితం తీసుకుని మొదలుపెట్టారు. అదే వీపు. భుజం మీదినుంచి జారిన జడ. ఒక్క చూపుడువేలు, తాబేలు పిల్లను కెరటం వైపు నెమ్మదిగా నెడుతూ. ముఖం లేదు, కన్నీళ్ళు లేవు. "అదీ!" అని అరిచేశాను. వీపు తిప్పింది నేనే, కానీ ఆ వేలు ఎప్పటికీ నాకు తట్టేది కాదు. ఏడవాల్సిన పిల్ల ఇంకా ఆశపడుతోంది. చూస్తున్న మాకు ఏడుపొచ్చింది.

ఆ ఘట్టం మార్చి గడువులోగా పంపాక నాలుగో రోజు హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. ఒప్పుకున్నారు. గది అదిరిపోయేలా కేకలు పెట్టాం. సూరిబాబు బేసిన్ తీసి డప్పు వాయించాడు. టీచరమ్మ నా జబ్బ పట్టుకుని పక్కకు లాగారు.

"నువ్వా రోజు బాగుందనేసుంటే మనం మునిగిపోదుమే. అందరూ సప్పట్లు కొడితే నాకూ బాగుందనిపించేసింది."

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తారు. నా బొమ్మ తెర మీద పెట్టగానే "సూపర్ మేడమ్" అని వినబడుతుంది, వినడానికి హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ హాయి ముదరకముందే, మాట్లాడకుండా తల వంచుకున్నది ఎవరా అని గదంతా వెతుకుతాను. కనబడితే కుర్చీ లాక్కుని వాళ్ళ పక్కన కూర్చుని అడుగుతాను: "ఏటి కనబడతంది, సెప్పు."