ఎనిమిదిసార్లు తిరిగొచ్చిన పంపుహౌసు

మా మావయ్య చేతికి వెళ్లిన ఏ కాగితమూ మొదటిసారి అక్కడ నిలవదు. ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే తిరిగి వెళుతుంది. వెళ్లేటప్పుడు దాని అంచున ఎర్రసిరాతో ఒక గీత, గీత చివర ‘సవరించి పంపగలరు’ అనే ముక్క ఉంటాయి. అందుకే ఊళ్లో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పెద్దవాళ్లు తిరుగుటపా గారంటారు, పిల్లలు తిరుగుటపా తాతంటారు. నేను ఆయన చెల్లెలి కూతుర్ని కాబట్టి పైకి మావయ్యా అని పిలిచి, మిగతాది మనసులో అనుకుంటాను.

ముప్పై ఏళ్లు టైపు నేర్పిన మనిషి. పేజీలో ఒక్క అక్షరం తప్పితే పేజీ మొత్తం మళ్లీ కొట్టించేవాడు. ఇన్‌స్టిట్యూట్ మూతపడింది కానీ అలవాటు మూతపడలేదు. ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే, రాసిచ్చిన చీటీలో అక్షరాలు తెలియడం లేదని మూడుసార్లు తిరిగి రాయించాడు. మూడో చీటీ చేతికొచ్చేసరికి జ్వరం దానంతటదే తగ్గిపోయింది. పక్కింటివాళ్ల పెళ్లి శుభలేఖను కూడా తిప్పి పంపాడు. వాళ్లు మండిపడి నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత చూసుకుంటే తేదీ ఒక రోజుది, వారం ఇంకో రోజుది. శుభలేఖలన్నీ మళ్లీ అచ్చువేయించుకున్నారు.

అత్తయ్య మాత్రం ఈ వ్యవహారాన్ని మొదట్లోనే తేల్చేసుకుంది. ఆ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

“సంబంధం కుదిరాక ఆయనకి మొదటి ఉత్తరం రాశానే. తేదీ లేదని తిరిగొచ్చింది. రెండో ఉత్తరంలో తేదీ ఒక్కటే రాసి పంపాను.”

ఆ రెండో ఉత్తరం ఇప్పటికీ మావయ్య బీరువాలో భద్రంగా ఉంది. అందులో తప్పు దొరకలేదట.

ఇలాంటి మనిషిని తీసుకెళ్లి ఊరి పాత కట్టడాల సంరక్షణ సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. ఊళ్లో ప్రతి ఇంటిపన్నులోనూ ఒక చిన్న వాటా పాత కట్టడాలకని పక్కన పెడతారు. ఆ సొమ్ము ఏడాదికోసారి సంఘం చేతికొస్తుంది. ఎవరైనా ఒక పాత కట్టడం బాగుచేయాలనుకుంటే దరఖాస్తు పెట్టుకోవాలి. సంఘం వెళ్లి చూసి, మాట్లాడుకుని, చేతులెత్తి తేల్చాలి.

సంఘంలో నలుగురు. మావయ్య ఒకరు. గోడను వేలి కణుపులతో తట్టి దాని వయసు చెప్పే మేస్త్రీ ఒకరు. పాతది ఏదైనా అందంగానే ఉంటుందని నమ్మి, దరఖాస్తు చదవకముందే చెయ్యెత్తే డ్రాయింగు మాస్టారు ఒకరు. షాపు తలుపు దగ్గరగా వేసి వచ్చాను, త్వరగా కానివ్వండి అంటూనే కూర్చునే మందులషాపు ఆవిడ ఒకరు. వాళ్ల మాటలు రాసుకుని టైపు చేసే గుమస్తాను నేను. లైబ్రరీ మేడమీద ఒక గది మాకిచ్చారు.

ఆ ఏడాది సొమ్మంతా పాత బడి పెంకుల కప్పుకి ఇచ్చేశాం. ఇచ్చిన పది రోజులకు టైలరమ్మ మెట్లెక్కి వచ్చింది.

ఏటి ఒడ్డున పాత పంపుహౌసు ఒకటుంది. ఎర్ర ఇటుకల గోడలు, ఎత్తయిన కిటికీలు, లోపల మనిషిని మించిన ఎత్తున ఒక ఇనుప చక్రం. ఒకప్పుడు ఊరందరి కుళాయిల్లోకీ నీళ్లు అక్కడి నుంచే వచ్చేవి. కొత్త పంపులొచ్చాక దానికి తాళం పడింది. రోడ్ల ఇంజనీరుకు ఆ స్థలం మీద కన్నుపడింది. పడగొట్టి కార్లు నిలుపుకునే చోటు చేస్తానని, గోడమీద సున్నంతో పెద్ద ఇంటూ గుర్తు వేయించి వెళ్లాడు. టైలరమ్మ భర్త ఇరవయ్యారేళ్లు ఆ చక్రం దగ్గరే పనిచేసి పోయాడు. ఎదురింట్లో కుట్టుమిషను పెట్టుకుని బతికే ఆవిడ, ఆ ఇంటూ గుర్తును రోజూ కిటికీలోంచి చూడాల్సి వచ్చింది. కప్పు బాగుచేయించి, చక్రం మళ్లీ తిప్పించి, లోపల ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతానని దరఖాస్తు రాసుకొచ్చింది.

మావయ్య చదివాడు. కొలతలు లేవని తిప్పి పంపాడు.

సవరణకు నెల రోజుల గడువు. ఆవిడ తన టేపుతోనే పంపుహౌసు చుట్టుకొలత తీసి ఇంచుల్లో రాసింది. ఇదేమైనా చొక్కానా అని అడిగి, మీటర్లలో రాయమని మళ్లీ పంపాడు. మూడోసారి స్థలం కాగితాల నకలు లేదు. నాలుగోసారి కిటికీలు ఆరని రాసింది, ఏడున్నాయి. ఐదోసారి ఫొటోలో ఒక మేక పునాదికి అడ్డంగా నిలబడి కెమెరావైపు చూస్తోంది. ఆరోసారి సంతకం ఉండాల్సిన పేజీలో కాక పక్క పేజీలో పడింది.

ప్రతి నెలాఖరుకీ రోడ్ల ఇంజనీరు మా గదికి వచ్చేవాడు. పంపుహౌసు సంగతి తేల్చారా అని అడిగేవాడు. సవరణకు వెళ్లిందండీ అని మావయ్య వినయంగా చెప్పేవాడు. ఆయన పళ్లు నూరుకుంటూ మెట్లు దిగిపోయేవాడు.

మేక దగ్గరికి వచ్చేసరికి నాకూ ఓపిక నశించింది. ఆవిడ పగలంతా మిషను తొక్కి, మిగిలిన పొద్దులో ఈ కాగితాలు రాసుకుంటోంది, నీకు జాలి లేదా మావయ్యా అని నిలదీశాను. మందులషాపు ఆవిడ నాకు వంతపాడింది. ఇస్తే ఇస్తామనండి, లేకపోతే లేదనండి, మధ్యలో ఈ నానబెట్టడమేమిటని కోప్పడింది. డ్రాయింగు మాస్టారు మొదటి నెలలోనే చెయ్యెత్తి ఉన్నారు. మావయ్య అందరి మాటా విని, కాగితం సరిగ్గా లేదన్నాడు.

ఏడోసారి వచ్చిన దరఖాస్తు ముత్యాల్లాంటి అక్షరాలతో, పటాలతో, కొలతలతో నిండుగా ఉంది. ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్తే అత్తయ్య గుమ్మంలోనే నన్ను ఆపింది. పొద్దుటినుంచి భూతద్దం పట్టుకుని కూర్చున్నారని, అన్నం కూడా సయించలేదని, ఏ తప్పూ దొరకడం లేదట అని చెప్పింది. లోపల మావయ్య మొహం నిజంగానే పీక్కుపోయి ఉంది. నన్ను చూసి కాగితాలు చంకన పెట్టుకుని, చెప్పుల్లో కాళ్లు దూర్చి, ఏటి ఒడ్డుకు బయల్దేరాడు. వెంట నేనూ వెళ్లాను.

పంపుహౌసు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఇటుకలు లెక్కపెట్టాడు. కిటికీ చువ్వలు లెక్కపెట్టాడు. చివరికి తలుపు ముందు నిలబడి, పటం చూసి, తలుపు చూసి, మళ్లీ పటం చూశాడు. తప్పిపోయిన పిల్లాడు దొరికినట్టు ఆయన మొహం వెలిగిపోయింది. పటంలో తలుపు లోపలికి తెరుచుకున్నట్టు గీసి ఉంది. అసలు తలుపు బయటికి తెరుచుకుంటుంది. మావయ్య అక్కడే గోడకానుకుని ఎర్రసిరా పెన్ను తీశాడు. నాకు తలకొట్టుకోవాలనిపించింది.

ఎనిమిదోసారి పద్నాలుగో పేజీ తర్వాత పదహారు వచ్చింది. అది తిప్పి పంపిన మర్నాడు టైలరమ్మ ఎనిమిది సవరణ చీటీలూ పట్టుకుని మేడెక్కింది. సరిగ్గా అప్పుడే రోడ్ల ఇంజనీరు కూడా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆవిడ చీటీలను ఒక్కొక్కటిగా బల్లమీద పరిచింది. గొంతు పెంచలేదు.

“మా ఆయన ఇరవయ్యారేళ్లు ఆ చక్రం తిప్పితే ఈ ఊరు నీళ్లు తాగింది. నేను ఎనిమిదిసార్లకే అలిసిపోతాననుకోకండి. తొమ్మిదోసారీ రాస్తాను, తొంభయ్యోసారీ రాస్తాను. కుట్టింది విప్పి మళ్లీ కుట్టడం నాకు కొత్త కాదు.”

మావయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“మంచిదమ్మా. ఈసారి తేదీ మర్చిపోకండి” అన్నాడు.

ఆవిడ చీటీలు తీసుకుని వెళ్లిపోయింది. ఇంజనీరు కూడా ఈ మొండివాళ్లతో నా వల్ల కాదన్నట్టు తలాడించి లేచాడు. ఆరోజు నేను మావయ్యతో మాట్లాడకుండానే ఇంటికెళ్లాను.

కొన్ని వారాలకు, ఒకరోజు పొద్దున, కొత్త ఏడాది సొమ్ము వచ్చినట్టు కబురొచ్చింది. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, మధ్యాహ్నానికల్లా సమావేశం పెట్టించాడు. తొమ్మిదోసారి వచ్చిన దరఖాస్తు బల్లమీద పెట్టి, ఇందులో తప్పు లేదని ప్రకటించాడు. అంత మాట ఆయన నోటివెంట నేను వినడం అదే మొదలు. మేస్త్రీ తన కుర్చీ చెయ్యి తట్టి చూసుకున్నాడు, కలా నిజమా అని కాబోలు.

సంగతి తెలిసి సమావేశానికి వచ్చిన ఇంజనీరు ఊరుకోలేదు. స్థలం ఎవరిదని అడిగాడు. నకలు ఉంది. గోడలు ఎంత మందమన్నాడు. మీటర్లలో ఉంది. పునాది గట్టిగా ఉందన్న నమ్మకమేమిటన్నాడు. మేక లేని ఫొటో ఉంది, దాని వెనక మేస్త్రీ చేవ్రాలు ఉంది. చివరికి, లోపల పిల్లలు కూర్చుంటారు కదా, ఏదైనా ప్రమాదం జరిగితే తోసుకుని బయటపడేందుకు తలుపు ఎటు తెరుచుకుంటుందని అడిగాడు.

“బయటికండీ. ఏడో సవరణ చూడండి” అన్నాడు మావయ్య. ఆ క్షణాన ఆయన కూర్చున్నచోటనే రెండంగుళాలు పెరిగాడు.

నాలుగు చేతులూ లేచాయి. డ్రాయింగు మాస్టారు రెండు చేతులూ ఎత్తారు కానీ ఒకటే లెక్కేశాను.

మెట్లు దిగుతూ ఇంజనీరు నా దగ్గర కసి తీర్చుకున్నాడు. మొదటి నెలలోనే లేదని రాసి ఉంటే ఈపాటికి అక్కడ నలభై కార్లు నిలిచేవని, మీ మావయ్య సవరణలతో తనను చంపాడని గొణుక్కుంటూ పోయాడు. నేను మెట్టుమీద ఆగిపోయాను. వెనక్కి పరుగెత్తి, సంగతేమిటి మావయ్యా అని అడిగాను. ఆయన సంఘం నియమాల పుస్తకం నా ముందుకు తోశాడు.

“పన్నెండో నియమం. నువ్వు టైపు చేసిందే. చేశావు కానీ చదవలేదు.”

చదివాను. దరఖాస్తు పరిశీలనలోగానీ సవరణలోగానీ ఉన్నంతకాలం ఆ కట్టడం మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. సవ్యంగా ఉన్న దరఖాస్తును నెలలోపు తేల్చాలి. సొమ్ము లేకపోతే తిరస్కరించాలి. తిరస్కరించిన మర్నాటి నుంచి ఆ కట్టడానికి రక్షణ ఉండదు.

“సొమ్ము బడి కప్పుకి వెళ్లిపోయింది కదమ్మా. ఆవిడ కాగితం బాగుందని ఒప్పుకుంటే నెల తిరక్కుండా కాదనాలి. కాదంటే తెల్లారేసరికి గోడ ఉండదు. కొత్త ఏడాది దాకా లాగాలి. ఉత్తుత్తి తప్పు చూపిస్తే ఇంజనీరు ఊరుకుంటాడా? నిజమైన తప్పే దొరకాలి. ఆ ఏడోసారి మాత్రం నా ప్రాణం పోయిందనుకో.”

మరి ఆవిడకైనా చెవిలో వేయకపోయావా అన్నాను. అధ్యక్షుడు ఒకరి పక్షం వహించకూడదన్నాడు. పైగా చెబితే ఆవిడ నిబ్బరంగా ఉంటుందని, ఆ నిబ్బరం చూసి ఇంజనీరుకు అనుమానమొస్తుందని వివరించాడు. నువ్వూ ఎక్కడా అనకు అని నాచేత మాట తీసుకున్నాడు.

ఆ మాట నేను ఒక్క పూట నిలబెట్టుకున్నాను. మంజూరు పత్రం ఇవ్వడానికి టైలరమ్మ ఇంటికి వెళ్తే, మిషను మీంచి లేచి, కళ్లకద్దుకుని తీసుకుంది. ఇన్నాళ్లు ఆవిణ్ణి చూసి బాధపడ్డ నాకు నోరు ఆగలేదు. మావయ్య మీద కోపం పెట్టుకోకండి అంటూ మొత్తం చెప్పేశాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా నవ్వింది.

“నాకు తెలుసమ్మా. మూడోసారి తిరిగొచ్చినప్పుడు ఆ ఇంజనీరుగారు మా గుమ్మం ముందే నిలబడి, ఈ దరఖాస్తు తేలేదాకా గోడ ముట్టుకోకూడదట అని విసుక్కున్నారు. సొమ్ము బడికి వెళ్లిందని ఊరంతటికీ తెలుసు. అప్పుడర్థమైంది మీ మావయ్యగారు ఏం చేస్తున్నారో. నాలుగోసారి నుంచీ ప్రతిసారీ ఒక తప్పు నేనే పెట్టాను.”

రోజూ ఎదురింట్లోంచి ఆ పంపుహౌసునే చూసే మనిషికి దాని కిటికీలెన్నో తెలియవా అని నాకు అప్పుడు తట్టింది.

“మేక కూడానా?”

“పక్కవాళ్ల దగ్గర అడిగి తెచ్చాను. ఫొటో తీసేదాకా దాన్ని అక్కడ నిలబెట్టేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. తలుపు సంగతే కాస్త బెంగపెట్టుకున్నాను. మరీ సన్నంగా గీశానేమో, ఆయన కంటపడదేమోనని రెండు రోజులు పని తోచలేదు.”

మరి ఆరోజు ఆఫీసులో చీటీలు పరిచి అన్న మాటల సంగతేమిటని అడిగితే, ఇంజనీరుగారు మేడెక్కడం చూసే వెంట వచ్చానంది. అన్న మాట మాత్రం అబద్ధం కాదట, తొంభయ్యోసారైనా రాసేదాన్నే అంది. తర్వాత దారం తెంపి, నావైపు చూసింది.

“ఇదంతా మీ మావయ్యగారికి చెప్పకండేం. పాపం, అంత కష్టపడి వెతికారు.”

ఈ మాట మాత్రం నిలబెట్టుకున్నాను. కప్పు పూర్తయి చక్రం మళ్లీ తిరిగిన రోజున ఊరంతా చక్రం చుట్టూ మూగితే, మావయ్య మాత్రం గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్లందరికీ ఆ తలుపు తెరిచి మూసి చూపించాడు. టైలరమ్మ పక్కనే నిలబడి, మీరు చూడకపోతే నాకు తెలిసేదే కాదండీ అని ప్రతిసారీ తలూపుతూ ఉంది.