ఎదురుకాళ్ల మాలన్‌కి నడుం నొప్పి

కొల్హాపూర్ బెల్లం మార్కెట్ వెనక మా సందులో ఎవరికైనా నడుం పట్టేస్తే ముందు పెళ్లాన్ని తిడతాడు, తర్వాత దేవుణ్ణి తిడతాడు, ఆ తర్వాత గోడలు పట్టుకుని మెల్లిగా మా పిండిమర ఎదురింటికి వస్తాడు. ఆ ఇంటి కోడలు మాలన్. అందరూ తల ముందు పెట్టుకుని భూమ్మీద పడితే, ఈవిడ కాళ్లు ముందు చాపి పుట్టింది. అలాంటివాళ్లని ఇక్కడ పాయాళూ అంటారు. పాయాళూ కాలితో ఒక్క తన్ను తన్నిస్తే పట్టేసిన నడుం వదిలిపోతుందని మా సందులో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

దానికో పద్ధతుంది. వచ్చినవాడు గుమ్మం చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని, వీధివైపు మొహం పెట్టి నిలబడాలి. మాలన్ లోపల్నుంచి వచ్చి ఎడంకాలి మడమతో వాడి నడుం మీద తన్నాలి. తన్నించుకున్నవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. డబ్బివ్వకూడదు. "నీ చలవ తల్లీ" లాంటి మాట అసలే అనకూడదు. అన్నాడా, పోయిన నొప్పి గడపలోనే కాచుకుని కూర్చుని మళ్లీ ఎక్కేస్తుందట. అంచేత మా సందులో సగం మంది ఆవిడ తన్ను తిని, ఆవిడ మొహం చూడకుండా వెళ్లినవాళ్లే. నేను కూడా ఒకసారి గోధుమ బస్తా వంగి ఎత్తబోయి కొంకిలా ఉండిపోతే వెళ్లాను. నా ఒంటికి ఒక్క తన్ను చాలదేమో, ఇంకోటి వెయ్యమని అడిగాను. లోపల్నుంచి నవ్వు వినిపించింది. మాలన్ నవ్వడం నేను విన్నది అప్పుడే.

ఆ కాలు మాలన్‌దే అయినా పెత్తనం మాత్రం అత్తగారు అక్కాతాయిది. గుమ్మం పక్కన పీట వేసుకుని, ఎవణ్ణి ముందు తన్నించాలి, ఎవణ్ణి కాసేపు ఏడిపించాలి అన్నది ఆవిడే చూసుకునేది. కుళాయి దగ్గర ఆవిడ బిందె ముందు. కొట్లో ఆవిడకి మంచి మాంసం ముక్క. పోయినేడాది తగువాడినవాడు నడుం పట్టుకుని వస్తే, "కాలు నిద్రపోతోందిరా, సాయంత్రం రా," అని పంపేసేది.

మాలన్ మార్కెట్లో బెల్లం దిమ్మలకి గోనె చుట్టే పని చేసేది. పొద్దున గొంతుక్కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. కూర్చున్నచోటే పక్కకి మెలితిరిగి, నడుం వంచి, దిమ్మ ఎత్తి అవతల పెట్టేది. ఇంటికొచ్చి నీళ్లు మోసేది. అక్కాతాయికి కుదరదని వదిలేసిన నులకమంచం మీద పడుకునేది. ఆ మంచంలో పడుకుంటే మనిషి అరటిపండులా వంగిపోతాడు.

ఒకరోజు దిమ్మ ఎత్తుతుంటే నడుంలో ఏదో పటుక్కుమంది. ఇంటికొచ్చి మొగుడు తాతోబాతో చెప్పింది. తాతోబా హమాలీ. నోట్లో జొన్నరొట్టె ముక్క ఉందేమో, నవ్వు పట్టలేక పొలమారి కళ్లంట నీళ్లు పెట్టుకున్నాడు.

"అమ్మా, విన్నావా? మనింట్లో అగ్గిపెట్టెకి చలేస్తోందట!"

అక్కాతాయి నవ్వలేదు. ముందు తలుపేసింది.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదత్తా."

"అనకు. పాయాళూకి నడుం నొప్పంటే సందంతా మన గుమ్మం ముందు నిలబడి ఉమ్మేస్తుంది."

"డాక్టర్లకి జ్వరం రాదా అత్తా?"

"డాక్టరు కాళ్లతో పుట్టాడా? నోరు మూసుకుని బిందె తీసుకెళ్లు."

మూడోవాళ్లకి చెప్పకూడదు కదా, అందుకని పిండి ఆడించుకోవడానికి వచ్చి, మర చప్పుడు చేస్తున్నప్పుడు నా చెవిలో చెప్పింది. నేను నాకు తెలిసిన వైద్యాలన్నీ చెప్పాను. ఇటుక వేడి చేసి గుడ్డ చుట్టి పెట్టుకో. వెల్లుల్లి కాచిన నువ్వులనూనె రాయించుకో. ఆముదపాకు కట్టుకో. నేలమీద పడుకో. ఆవిడ తలూపి, "రాయడానికి చెయ్యెవరిది వహినీ?" అంది. వహినీ అంటే వదిన. చుట్టరికం లేకపోయినా ఇక్కడ పక్కింటావిడని అలాగే పిలుస్తారు.

ఇటుక ఒక్కటీ కుదిరింది. అదీ అక్కాతాయి చూసేదాకా.

"ఈ ఇటుకేంటే?"

"కడుపునొప్పత్తా."

"కడుపు వెనకవైపుకి ఎప్పుడెళ్లింది?"

ఆ పూట మాలన్ పడుకుంటే అక్కాతాయి మంచం కింద నీళ్లు పోసి, ఇల్లు కడుగుతున్నాను లెమ్మంది.

నొప్పి నడుంలో ఉన్నన్నాళ్లు నయమే. తర్వాత పిరుదులోంచి తొడ వెనగ్గా పిక్కలోకి దిగింది. దగ్గితే చాలు, కరెంటు తీగ లాగినట్టు కాలంతా గుంజేది. ఆ కాలితోనే తన్నేది. తన్నిన ప్రతిసారీ పళ్ల మధ్య కొంగు పెట్టుకునేది. బయట నిలబడ్డవాడు వెనక్కి తిరిగి చూడకూడదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఓ సాయంత్రం ఆవిడ మర్లోకి వస్తుంటే ఎడంకాలికి చెప్పు లేదు. "చెప్పేదమ్మా?" అన్నాను. కాలివైపు చూసుకుని, తెల్లబోయి, వచ్చిన దారంతా కళ్లతో వెతికింది. చెప్పు కుళాయి దగ్గరే ఊడిపోయింది. ఆవిడకి తెలియలేదు.

"వహినీ, పాదం పైకి లేవడం లేదు. లెమ్మంటే వింటోంది కానీ లేవడం లేదు."

"మీ అత్తకి చెప్పు."

"చెప్పాను. ఎవరికీ చూపించకు అంది."

మర్నాడు మధ్యాహ్నం హమాలీల ముఠా మేస్త్రీ శ్రీపతి వచ్చాడు. మనిషి పెద్దగేదెలా ఉంటాడు. బస్తా విసిరేటప్పుడు నడుం పట్టేసి, పక్కకి ఒరిగి నడుస్తున్నాడు. వెనకాల నలుగురు హమాలీలు వేడుక చూడ్డానికొచ్చారు.

"అక్కాతాయ్, కోడల్ని పిలు. గట్టిగా ఒక్కటి ఇమ్మను," అంటూ గుమ్మం పట్టుకున్నాడు.

హమాలీల్లో ఒకడు, "మేస్త్రీ ఇన్నాళ్లూ మమ్మల్ని తన్నాడు, ఇవాళ దేవుడు చూస్తున్నాడు," అన్నాడు.

"నడుం వదలనియ్యరా, నీ పని చెప్తా," అన్నాడు శ్రీపతి గుమ్మంలోంచే.

మాలన్ వచ్చింది. మరలో నిలబడితే నాకు ఎదుటి గుమ్మం నిలువెల్లా, మేస్త్రీ ఒరిగిన పక్కనుంచి లోపలి దాకా కనబడుతోంది. కాలు ఎత్తబోయింది. మోకాలు లేచింది గానీ పాదం తడిగుడ్డలా వేలాడింది. మళ్లీ ఎత్తింది. మడమ మేస్త్రీ మోకాలి దాకా కూడా వెళ్లలేదు.

"ఏమైంది లోపల? ముహూర్తం చూస్తున్నారా?" అన్నాడు మేస్త్రీ వీధివైపు చూస్తూ.

అక్కాతాయి పీట మీంచి లేచింది. కోడలి చీలమండ రెండు చేతులా పట్టుకుని, రోకలి ఎత్తినట్టు ఎత్తి, మేస్త్రీ నడుముకేసి కొట్టింది. మాలన్ గోడ పట్టుకుని ఒంటికాలి మీద ఊగింది. అక్కాతాయి ఇంకోసారి కొట్టింది.

"ఆహా," అన్నాడు మేస్త్రీ. "ఇవాళ కాలు మంచి ఊపు మీదుంది."

ఆ ఊపులోనే మాలన్ చీర తడిసింది. నీళ్లు గడప మీంచి కారి మేస్త్రీ చెప్పుల కిందికి వచ్చాయి. ఆవిడకి తెలియదు. అందరూ నేలవైపు చూస్తుంటే ఆవిడ కూడా చూసింది, ఎవరు పోశారా అన్నట్టు.

హమాలీలు ముందు నోళ్లు తెరిచారు, తర్వాత విరగబడి నవ్వారు. "మేస్త్రీ, తన్నుతో పాటు తీర్థం కూడా!" అన్నాడొకడు. మేస్త్రీ పద్ధతి మరిచిపోయి వెనక్కి తిరిగాడు. అక్కాతాయి కోడలి కాలు వదిలేసి, కోడలి చెంప మీద కొట్టింది.

నేను మర ఆపేసి, పిండిచేతులతోనే వెళ్లి, మాలన్‌ని ఆటో ఎక్కించాను. పరువు పోయిన కోపంలో, నేనేం చెప్పొస్తానో అన్న భయంలో అక్కాతాయి కూడా ఎక్కింది. దారంతా ఆవిడ చెప్పింది ఒకే మాట. "పెద్దదానివయ్యావ్, బట్టల్లో పోసుకోవడమేంటే?"

పెద్దాసుపత్రిలో ఉన్నది డాక్టరమ్మ. మాలన్‌ని బోర్లా పడుకోబెట్టి, అక్కడా ఇక్కడా సూదితో తాకుతూ అడిగింది.

"తొడల మధ్య తిమ్మిరిగా ఉందా?"

"అక్కడ ఉందో లేదో తెలియడం లేదమ్మా."

డాక్టరమ్మ మొహం మారిపోయింది. నర్సుని పిలిచి హడావుడిగా ఏదో చెప్పింది. తర్వాత మా వైపు తిరిగింది.

"వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల జారి నరాలన్నిటినీ నొక్కుతోంది. ఇవాళే ఆపరేషన్ చెయ్యాలి. ఇన్నాళ్లూ ఏం చేశారు?"

"వేడి ఇటుక పెట్టాం," అంది అక్కాతాయి.

"మామూలు నడుం పట్టుకైతే కాపడం మంచిదే. చాలామందికి బరువు తప్పుగా ఎత్తడం వల్లో, గంటలకొద్దీ ఒకేలా కూర్చోవడం వల్లో పడుతుంది. కండరం పట్టేస్తుంది, అంతే. మంచాన పడకుండా మెల్లగా తిరుగుతూ, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకుంటూ, కాపడం పెట్టుకుంటే కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. కానీ కాలు బలం తగ్గినా, మూత్రం తెలియకుండా పోయినా ఆ క్షణమే రావాలి. ఈమెకి పాదం ఎప్పుడు పడిపోయింది?"

అక్కాతాయికి ఆ ప్రశ్న వినపడలేదు. ఆవిడ ఇంకా ముందు మాట దగ్గరే ఆగిపోయింది.

"దానంతట అదే పోతుందా?"

"చాలావరకు."

"ఎవరూ తన్నకపోయినా?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. సంగతి చెప్పాను. నవ్వాపుకుని, "తన్నినా తన్నకపోయినా పోయే నొప్పులే అవి. మంచిపేరు మీ కోడలి కాలికి వచ్చింది," అంది.

పాపం, మంచి మనసుతోనే అంది. ఆ మాట మా సందుకి మాలన్ కంటే ముందు చేరింది. చేరేసరికి దాని ఆకారం వేరు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ నొక్కి చెప్పిందట: మాలన్ ఇన్నాళ్లూ మోసం చేసింది, ఆ కాలికి ఏ మహిమా లేదు, బహుశా అందరిలాగే తల ముందు పెట్టి పుట్టి ఉంటుంది, పెళ్లి కుదరడానికి వాళ్లమ్మ అబద్ధమాడింది.

ఆపరేషన్ అయింది. నొప్పి పోయింది. మూత్రం అదుపులోకి వచ్చింది. పాదం మాత్రం సగమే లేస్తోంది. కొంత వస్తుంది, అంతా రాకపోవచ్చు, చెప్పు ఊడిన రోజే వచ్చుంటే బాగుండేది అన్నారు. కాలికి ప్లాస్టిక్ పట్టీ ఇచ్చారు. పక్కకి తిరిగి చేత్తో నొక్కి లేవడం, మోకాళ్లు ముడిచి పడుకుని నడుం మెల్లగా పైకెత్తడం, ఏదైనా ఎత్తాలంటే నడుం వంచకుండా మోకాళ్లు వంచడం నేర్పించారు. ఇంకా అతుక్కోని నడుం, దాని మీద చిన్న దెబ్బ కూడా పడకూడదు, పడితే ఉన్న కాలు కూడా పోతుంది అని డాక్టరమ్మ తాతోబాని ఎదురుగా కూర్చోబెట్టి మరీ చెప్పింది.

ఇంటికొచ్చేసరికి సందులో కుంటివాళ్ల తిరనాళ్లలా ఉంది. ఎప్పుడో నయమైన నడుములన్నీ ఒక్కసారి నొప్పెట్టడం మొదలుపెట్టాయి. శ్రీపతి మేస్త్రీ అయితే కర్ర పట్టుకునే తిరుగుతున్నాడు. అరుగు ముందు నిలబడి, "అబద్ధం కాలితో కొట్టించి నా నడుం పాడుచేశారు," అని అరిచాడు. కుళాయి దగ్గర అక్కాతాయి బిందె చివరికి జరిగింది. వెనకావిడ, "మీ కోడలు ఇప్పుడు ఏ వైపు నుంచి పుట్టిందో తేలిందా?" అని అడిగింది. అక్కాతాయి ఖాళీ బిందెతో ఇంటికొచ్చేసింది.

ఆ వారమే అక్కాతాయికి ఉపాయం తట్టింది. కాగల్ వైపు హిందూరావ్ అని వస్తాదు ఒకడున్నాడు. వాడూ ఎదురుకాళ్లతో పుట్టినవాడే, సాక్షులు కూడా ఉన్నారు. వాడి చేత అందరి ముందూ మాలన్ నడుం మీద ఒక్కటి తన్నిస్తే, పాదం లేస్తుంది. లేస్తే పాయాళూ మహిమ నిజమని తేలుతుంది. మహిమ నిజమైతే ఇంటి పరువు నిలబడుతుంది.

"డాక్టరమ్మ వద్దంది కదమ్మా," అన్నాడు తాతోబా.

"డాక్టరమ్మ వచ్చి కుళాయి దగ్గర నిలబడుతుందా?"

వాడు వస్తాదుకి వండే ఎర్ర రస్సాకి, అదే ఇక్కడి కారం పులుసుకి, మాంసం తేవడానికి వెళ్లాడు.

హిందూరావ్ వచ్చాడు. వాడు అరుగెక్కితే అరుగు చిన్నదైపోయింది. ఒక్కో పాదం రొట్టెల పెనమంత ఉంది. సందంతా మూగింది. కర్ర పక్కన పెట్టి మేస్త్రీ ముందు వరసలో నిలబడ్డాడు. ఈసారి వేడుక బాగా కనబడాలని పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. "తన్నకండ్రా, చచ్చిపోతుంది," అని నేను అరిస్తే, "వహినీ, నువ్వు పిండి చూసుకో," అన్నారు. అప్పటికే నేను జనంలో ఇరుక్కుని ఉన్నాను. ముందుకి అంగుళం కూడా కదల్లేకపోయాను.

"రావే, చట్రం పట్టుకో," అంది అక్కాతాయి.

మాలన్ వచ్చింది. ప్లాస్టిక్ పట్టీ టకటకలాడింది. చట్రం దాకా వచ్చి, హిందూరావ్ పాదాల వైపు కాసేపు చూసింది. తర్వాత మెల్లగా, మోకాళ్లు వంచి, నడుం వంచకుండా కిందికి దిగి, గుమ్మం పక్కన అరుగు మీద గోడకి వీపు ఆనించి కూర్చుంది.

"ఇదేంటే? లే."

"లేవను."

"లే అంటుంటే!"

"నా నడుం గోడకిచ్చేశానత్తా. కావాలంటే మొహం మీద తన్నమను."

తాతోబా భుజం పట్టి లాగబోయాడు. ఆవిడ వాడి వైపు ఒక్కసారి చూసి, "లాగు. రెండో కాలు కూడా పోనీ. రేపట్నుంచి నువ్వే ఎత్తుకుని దొడ్డికి తీసుకెళ్దువుగాని," అంది. వాడి చెయ్యి దానంతట అదే జారిపోయింది.

హిందూరావ్ తల గోక్కున్నాడు. ఆడమనిషి మొహం మీద తన్నడం కుస్తీ తాలీంలో ఎవరూ నేర్పలేదని చెప్పాడు. కూర్చుని చూశాడు. వంట అయిందన్నారు. ఎర్ర రస్సాలో రొట్టెలు ముంచుకుని తాపీగా తిన్నాడు. చేతులు కడుక్కుని వచ్చి చూస్తే మాలన్ అలాగే ఉంది. వాడు వెళ్లిపోయాడు. జనం నిరాశపడి, ఒక్కొక్కరే ఏదో ఒకటి అని మరీ కదిలారు. "మోసగత్తె," అన్నాడు మేస్త్రీ, కర్ర అక్కడే మరిచిపోయి చకచకా నడుస్తూ. అక్కాతాయి తిట్లు అయిపోయేదాకా తిట్టి లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

అరుగు ఖాళీ అయ్యాక నేను చెయ్యి అందించబోయాను. వద్దంది. పక్కకి తిరిగింది. మోచెయ్యి ఆనించింది. అరచేత్తో నేలని నొక్కుతూ, వాళ్లు నేర్పినట్టే, ఆగి ఆగి లేచింది. పట్టీ కాలిని ఈడ్చుకుంటూ వెళ్లి, మూసిన తలుపు కొట్టడం మొదలుపెట్టింది.