కాక బ్యాగు పరీక్ష

మా పక్క క్వార్టర్ కాక కొట్టి చూడనిదే దేన్నీ నమ్మేవాడు కాదు. గనిలో పై బండను కర్రతో కొట్టి, ఆ చప్పుడు డొల్లగా లేకపోతేనే దాని కింద నిలబడేవాడట. రిటైరయ్యాక ఆ అలవాటు సామాన్ల మీదికి మళ్లింది.

మంచిర్యాల బస్సులో నా బ్యాగు పట్టీ తెగి ఆఫీసు ల్యాప్‌టాప్ పగిలింది. ఇంకోటి పగిలితే ఉద్యోగం ఉండదని మేనేజర్ మర్యాదగానే చెప్పాడు. అందుకే గోదావరిఖనిలో కొత్త బ్యాగు కొనడానికి కాకను వెంట తీసుకెళ్లాను.

దుకాణంలో మొదటి బ్యాగును మోకాలితో అదిమిపట్టి పట్టీ పీకేశాడు. రెండోదాన్ని గోడకేసి బాదితే జిప్పు నోరు తెరిచింది.

"తెగేదుంటే ఈడ్నే తెగాలె బిడ్డా, బస్సుల గాదు."

మూడోదాన్ని అందుకోగానే దుకాణదారు కాక కాలర్ పట్టుకున్నాడు. "ముసలోనివని ఊకుంటున్న. కొనేటందుకు వచ్చినవా, లూటీకి వచ్చినవా?"

కాక తలతో అతని ముక్కు పగలగొట్టాడు. అతను కాక మూతి మీద గుద్దాడు. ఇద్దరూ చెరో పట్టీ పట్టుకుని, అద్దాల బల్ల బద్దలయ్యేదాకా గుంజుకున్నారు. నేను విడిపించాల్సింది. కానీ నా చూపంతా బ్యాగు కుట్ల మీదే ఉంది. ఒక్క పోగు కూడా లేవలేదు.

కాక నెత్తురు ఉమ్మి, పట్టీ వదలకుండానే అన్నాడు: "గిది మంచిగున్నది తమ్మీ, ప్యాక్ చెయ్యి."