నోటితో జరిగిన ప్రాక్టికల్

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, సెప్టెంబరులో, జంషెడ్‌పూర్ పక్కనున్న ఆదిత్యపూర్‌లోని ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్లకు మూడురోజుల శిక్షణ పెట్టి నన్ను పరిశీలకుడిగా వేశారు. పరిశీలకుడంటే పెద్ద హోదా ఏమీ కాదు. చివరిరోజు ప్రాక్టికల్ పరీక్ష సక్రమంగా జరిగిందని మార్కుల షీటు మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే షీటు చెల్లదు.

మీసాలొచ్చాక ఓనమాలు దిద్దినవాణ్ణి నేను. పగలు వర్క్‌షాపులో పనిచేసి, రాత్రిబడిలో చదువుకుని, చివరికి కంప్యూటర్ టీచరునయ్యాను. అందుకే చదువు పేరు చెప్పి కాలక్షేపం చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొదటి రెండు రోజులూ మండుతూనే ఉంది. రాంచీ నుంచి వచ్చిన శిక్షకుడు తెర మీద స్లైడ్లు వేసి, వాటినే మాకు చదివి వినిపించాడు. మాకు చదవడం రాదనుకున్నాడో, తనకు వచ్చని చూపించుకున్నాడో! టీచర్లు ఆ తెరను ఫోనుల్లో ఫొటోలు తీసుకున్నారు. ల్యాబ్ తాళం మాత్రం తీయలేదు. ప్రాక్టికల్ మూడోరోజే కదా అన్నారు.

మూడోరోజు విశ్వకర్మ పూజ, మన ఆయుధపూజలా పనిముట్లకు పూజచేసి ఆరోజు వాటిని వాడకుండా ఉంచే పండగ. జంషెడ్‌పూర్ చుట్టుపక్కల అది ఎంత పెద్ద పండగో టైంటేబుల్ వేసిన మహానుభావుడికి తట్టలేదు. పొద్దున్న ల్యాబ్ తలుపు తీస్తే ప్రతి మానిటర్‌కీ సిందూరం బొట్టు, బంతిపూల దండ. మౌసుల్ని కూడా పీట మీద వరసగా పేర్చి పూజ చేశారు. మర్నాటిదాకా స్విచ్ వేయడానికి వీల్లేదన్నాడు ప్రిన్సిపాల్. శిక్షకుడికేమో సాయంత్రం బండి ఉంది. అయితే ప్రాక్టికల్ నోటితో కానిచ్చేద్దామన్నాడు.

కానిచ్చాడు కూడా. ఎక్కడ నొక్కుతారు, తర్వాత ఏం తెరుస్తారు అని ఆయన అడగడం, గైడులో బట్టీపట్టింది వాళ్లు అప్పజెప్పడం. ఈత పరీక్ష గట్టు మీద పెట్టినట్టుంది.

భుయ్యాడీహ్ నుంచి వచ్చిన గ్రేస్ వంతు వచ్చింది. ఆమె కాంట్రాక్టు టీచరు, నాలాగే ఇక్కడ స్థిరపడ్డ తెలుగు మనిషి. ఇది పాసైతేనే కాంట్రాక్టు పొడిగిస్తారు. పిల్లల ముందు చకచకా చేసి చూపించే మనిషే గానీ, నోటితో చెప్పమనేసరికి సగంలో ఆగిపోయింది. శిక్షకుడు సున్నా వేశాడు. ఆమె నావైపు తిరిగి తెలుగులో అంది:

"కూర నోటితో వండుతారేటి మాస్టారూ?"

మర్నాడు ల్యాబ్ తీసి అసలు పరీక్ష పెడితేనే సంతకం పెడతానన్నాను. పాసైనవాళ్లంతా నామీద పడ్డారు. పర్సుడీహ్‌లో పనిచేసే అప్పల్రాజు, నా పాత స్నేహితుడే, "నీకేటి గురూ, రేపో మాపో ఇంటికెళిపోతావు. మా సర్టిఫికెట్లు ఆపేత్తావేటి?" అన్నాడు. శిక్షకుడు గడియారం చూసుకున్నాడు. గ్రేస్ సున్నా కొట్టేసి, పాసుమార్కులు వేసి, ఇప్పుడైనా పెట్టండని హిందీలో అంటూ షీటు నా ముందుకు తోశాడు.

మార్కులు మారినా పరీక్ష జరగలేదు కదా అని నేను మొండికేశాను. అప్పుడు గ్రేసే అంది:

"పంతం పట్టడానికి మీకు నా నౌకరీయే దొరికిందేటి మాస్టారూ?"

సంతకం పెట్టాను. అందరూ పాసు. శిక్షకుడు ప్రసాదం పొట్లం పట్టుకుని బండి అందుకున్నాడు.

పరిశీలకుడి సంతకానికి బలం అది పెట్టనంతసేపే. ఆ బలాన్ని చివరిరోజు వాడితే దెబ్బ తగిలేది తప్పు చేసినవాడికి కాదు, ఆ గదిలో అందరికంటే దిక్కులేనివాళ్లకి. అందుకని ఆ తర్వాత ఏ శిక్షణకు పిలిచినా, మొదటిరోజే ల్యాబ్ తెరిచి టీచర్ల చేతులు కీబోర్డు మీద పెట్టిస్తేనే వస్తానని ముందే చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకు పిలవడం మానేశారు.