పైపు పక్కగా ఈత

ఇప్పుడు ఏ ఊరికి పోయినా పిల్లలకు ఆటలు నేర్పుతామని గోడగోడకూ బోర్డులు కనిపిస్తాయి. ఫీజు కట్టి పిల్లను దింపి వస్తే చాలు, మిగతాదంతా వాళ్ళే చూసుకుంటారు. మేము ఆట నేర్పించిన రోజుల్లో అలా కాదు. ఒక పిల్ల ఆడాలంటే ఇంటిల్లిపాదీ ఆడాల్సి వచ్చేది. మరీ తాతల నాటి సంగతేమీ కాదు, సెల్‌ఫోన్లు చేతికొచ్చి, మిస్డ్ కాల్ ఇచ్చి గబుక్కున కోసేసే కాలం. అప్పటికే నా మీసం సగం నెరిసింది. అయినా నీ పడుచుదనం ఏదిరా అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఏడాదే. ఎందుకంటే, తాగే నీళ్ళకే బిందెలు వరుసలో కూచునే మా బేతంచెర్లలో, రాష్ట్రమంతా తల తిప్పి చూసేంతటి ఈత ఛాంపియన్‌ను తయారుచేసిన మొనగాణ్ణి నేను. (రాష్ట్రమేమీ తల తిప్పలేదు. తిరిగింది మా ఛాంపియనే. ఎందుకు తిరిగిందో చెబుదామనే ఈ గోలంతా.)

మాది బజారు వీధిలో కిరాణా అంగడి. తూకం దగ్గర నా కొడుకు, గల్లాపెట్టె దగ్గర నేను. గల్లా దగ్గర కూచున్నవాడికి నోరు ఖాళీగా ఉంటుంది కాబట్టి, కరెంటు పోయిన సాయంత్రాల్లో మనవరాలికి కథలు చెప్పేవాణ్ణి. ఒక కథలో నేను కర్నూలు దగ్గర తుంగభద్రను వరదలో ఈది దాటాను. మరోసారి చెప్పినప్పుడు ఒంటి చేత్తో దాటాను, రెండో చేతిలో బట్టల మూట. ఇంకోసారికి ఆ మూట మీద ఒక మేకపిల్ల కూడా చేరింది. (దాటిన మాట నిజమే. బస్సులో, వంతెన మీద. మేకపిల్ల కూడా నిజమే, కాకపోతే అది వెనక సీటు వాళ్ళది.) ఐదో తరగతి చదివే పాప ఇవన్నీ నమ్మి, ఎండాకాలం సెలవుల్లో గల్లాపెట్టె ఎదుట నిలబడి, "తాతా, నాకూ నేర్పు," అంది. మోకాలు దాటిన నీళ్ళంటే నాకు గుండె దడ. ఆ ముక్క చెప్పలేక, పాపను స్కూటరెక్కించుకుని ఊరి బయట మోటారు మామ బావికి పోయాను.

మోటారు మామ మా అంగడికి పాత ఖాతాదారు. ఎప్పుడు చూసినా తన బావి మీద మోటారుతోనే మాట్లాడుతుండేవాడు, అందుకే ఆ పేరు. పాప నడుముకు మా అంగట్లోని ఖాళీ నూనె డబ్బా కట్టి, తాను నీళ్ళలో దిగి, నాలుగు రోజుల్లో డబ్బా లేకుండా తేల్చేశాడు. నేర్పింది మామ. ఒడ్డున నిలబడి నేర్పింది నేను. ఊళ్ళో చెప్పుకున్నప్పుడు మాత్రం ఒడ్డు సంగతి ఎత్తేవాణ్ణి కాదు.

అంతటితో ఆగి ఉంటే అదొక సెలవుల సరదా. ఆ ఏడే మా బడికి కోస్తా వైపు నుంచి ఒక డ్రిల్లు సారు బదిలీ మీద వచ్చాడు. మెడలో విజిల్ లేనిదే అన్నం ముందు కూడా కూచోడని చెప్పుకునేవారు, కాబట్టి విజిల్ సారు. కాలవల మధ్య పెరిగినవాడు, మా ఊరికొచ్చి నీళ్ళ కోసం మొహం వాచి ఉన్నాడు. ఎవరో చెబితే బావి దగ్గరికొచ్చి పాప ఈత చూశాడు. వెంటనే నన్ను పక్కకు పిలిచి, "శెట్టిగారూ, ఈ పిల్లను వదలొద్దు. అయితే ఈతకు సీజన్ ఉండదు. ఏడాది పొడుగునా నీళ్ళలో ఉండాలి," అన్నాడు. సారూ, మా ఊళ్ళో ఏడాది పొడుగునా నీళ్ళుండేది కొబ్బరికాయలోనే, అన్నాను. ఆయన నవ్వలేదు. విజిల్ ఊదాడు.

అప్పటినుంచి మా ఇంటి గడియారం విజిల్ సారు చేతిలోకి పోయింది. పాపకు దసరా సెలవులు లేవు, ఆదివారాలు లేవు, చలికాలమని ఒక్క పూట మినహాయింపు లేదు. కోడలు చీకటితోనే లేచి పొయ్యి వెలిగించేది. అంగట్లో బేరాలు ముమ్మరంగా ఉండే పొద్దుట పూట కొడుకు ఒంటరిగా తూకమూ గల్లా రెండూ చూసుకునేవాడు, నేను బావి గట్టున ఉండేవాణ్ణి. బలానికి గుడ్డు పెట్టమన్నాడు సారు. మా ఇంట్లో ఆ మాట అనడానికే గొంతు తగ్గించాలి. మా ఆవిడ (పాపకు జేజి) అది వినీ విననట్టు దేవుడి గదిలోకి పోయి, కాసేపటికి నానబెట్టిన బుడ్డలు (అదే, వేరుశనగ గింజలు), మొలకెత్తిన పెసలు, నువ్వులుండ ఒక పళ్ళెంలో పెట్టుకొచ్చింది. చివరికి గుడ్డు ఊసు ఎత్తిన సారుకే ఆ పళ్ళెం అలవాటైంది. జేజి చెల్లెలి కూతురి పెండ్లికి పోయి, తాళి కట్టగానే అక్షింతలు వేసి, విస్తరి వేసేలోగా బస్సెక్కి వచ్చేశాము, సాయంత్రం పాపకు ఈత ఉందని. ఆ పెండ్లి భోజనం కోసం జేజి ఇప్పటికీ నన్ను క్షమించలేదు. ఆమె రోజూ వాకిట్లో బిందెలు దింపుతూ అనేది ఒకటే మాట:

"తాగను నీళ్ళు లేవు. దీనికి ఈదను నీళ్ళు కావల్ల."

నిజం చెప్పాలంటే అందరికన్నా ఎక్కువ అలిసిపోయింది పాప. బావి నుంచి వచ్చేటప్పుడు స్కూటరు వెనక కూచునే నిద్రపోయేది. పడిపోతుందని నా టువాలుతో దాన్ని నా నడుముకు కట్టుకునేవాణ్ణి. బజారులో జనం చూసి, శెట్టి మనవరాలిని మూట కట్టుకుని పోతున్నాడే అని నవ్వేవారు. నేను ఛాతీ విరుచుకునేవాణ్ణి.

బావి గురించి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. మామ బావి చదరంగా ఉండేది. ఒక పక్క మెట్లు, ఎదురుగా రాతి గోడ. మెట్ల నుంచి గోడకు నేరుగా పోయి, ఎడమ గట్టు వెంబడి తిరిగొస్తే ఒక రౌండు. పోయే దారికి సరిగ్గా నడుమ, కుడి గట్టు మీది మోటారు నుంచి లావుపాటి ఇనుప పైపు ఏటవాలుగా నీళ్ళలోకి దిగి ఉండేది. చూసుకోకుండా పోతే తలకు తగులుతుంది. కాబట్టి నడుమకు వచ్చేసరికి ఎడమకు తిరగాలి. పాప నడుమకు రాగానే గట్టు మీద నుంచి "పైపూ" అని కేక పెట్టడం, అదీ నా శిక్షణ మొత్తం. బావిలో నేర్చిన ఈత కనుక పాప తల ఎప్పుడూ నీళ్ళకు పైనే ఉండేది. తల ముంచు, ముంచు అని సారు ఎంత విజిల్ ఊదినా ముంచేది కాదు. నా కేక దానికి నూతి గోడలన్నీ కలిసి అరిచినట్టు వినపడేది. విన్న క్షణాన ఎడమకు తిరిగేది.

ఇక కరెంటు. అప్పట్లో సేద్యానికి కరెంటు ఒక వారం తెల్లవారకముందు, ఒక వారం మధ్యాహ్నం ఇచ్చేవారు. కరెంటు వస్తే మోటారు దానంతటదే తిరుగుతుంది, తిరిగితే బావిలో నీళ్ళు మెట్టు తర్వాత మెట్టు దిగిపోతాయి. మా అంతర్జాతీయ ఈత కొలను గంటలో నడుము లోతుకు వచ్చేది. ఒక్క పూట ఆపప్పా అని మామను బతిమాలాను. ఆయన నావైపు చూడకుండానే, "శెట్టీ, నీ మనవరాలు ఈదకుంటే సావదు. నా ఉల్లిగడ్డ సస్తాది," అన్నాడు. అందుకని కరెంటు వేళలను బట్టి మా ఇంట్లో అన్నాలు, నిద్రలు, స్నానాలు అన్నీ మారేవి.

ఇంతలో బళ్ళో లెక్కల మార్కులు వచ్చాయి. కొడుకు ఆ కాగితం చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంగడి సర్దుకునే వేళ తక్కెడ తుడుస్తూ, "నాయనా, ఇదే ఆఖరు. కడపలో ఎన్నికయితే సరే. కాకుంటే బావి లేదు, విజిల్ లేదు. లెక్కల ట్యూషన్‌కు పోతాది," అన్నాడు. రాష్ట్ర పోటీలకు పిల్లలను ఎంచేది కడపలో, ముందొచ్చిన ఇద్దరిని మాత్రమే తీసుకుంటారు. పాప బియ్యం మూటల వెనక నుంచి ఇదంతా విన్నట్టుంది. మరునాడు స్కూటరు మీద నా వీపుకు మొహం ఆనించి అడిగింది. "తాతా, ఎన్నిక కాకుంటే మామ బావికి ఊరికే కూడా పోగూడదా?"

నేనుండగా నీకేం భయం అన్నాను. అలాంటి మాటలు నాకు తేలిగ్గా వస్తాయి.

కడపకు పోయే రోజు అంగడి మూశాము. పనిరోజున మా తలుపులు మూసి ఉండడం చూసి పక్క అంగడి ఆయన ఎవరు పోయారని పరామర్శకు వచ్చాడు. కొడుకు, కోడలు, జేజి, నేను, పాప, విజిల్ సారు, బుడ్డల డబ్బా, అందరం బస్సులు మారి కడప చేరాము. ఈత కొలను చూడగానే జేజి గట్టు మీద కూలబడింది. నీలం రంగు నీళ్ళు, అడుగున పలకలు, ఒక్క ఆకు లేదు, ఒక్క కప్ప లేదు. "ఇన్ని నీళ్ళు ఒకే తావున పోసి పెట్టినారే. అడిగేవాళ్ళు లేరా?" అంది. పాప ఆ పొడుగును అటు చివర నుంచి ఇటు చివరకు చూసి, నా చొక్కా పట్టి లాగింది.

"తాతా, ఈడ పైపు యాడుండాది?"

"ఈడ పైపు ల్యా పాపా. నేరుగా పో."

అంత స్పష్టంగా చెప్పాను. దానికి సాక్షులు కూడా ఉన్నారు.

విజిల్ మోగింది. మిగతా పిల్లలు వంగి దూకారు. మాది బావి గట్టు మీద నుంచి దూకే అలవాటు కదా, గాల్లోకి లేచి దూకింది. అక్కడే సగం పందెం మాదైపోయింది. తల పైకెత్తుకుని, నీళ్ళను రెండు చేతులా వెనక్కి తోసేస్తూ, పాప బస్సంత దూరం ముందుకు పోయింది. (బస్సంత కాదు. మోచేయంత. కానీ ముందున్న మాట ముమ్మాటికీ నిజం.) విజిల్ సారు విజిల్‌ను నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. కోడలు జేజి చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని నా కొడుకు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. నేనైతే కొలను గట్టున పాపతో సమానంగా పరుగు తీస్తున్నాను. పాప సరిగ్గా నడుమకు వచ్చింది. ఏడాదిపాటు, ఎండలో, చలిలో, కరెంటు ఉన్నా లేకున్నా చేసిన పని నా గొంతు తనంతట తానే చేసేసింది.

"పైపూ!"

విన్న క్షణాన పాప ఎడమకు తిరిగింది. ఎంత బాగా తిరిగిందనుకున్నారు, అంత చక్కగా బావిలో కూడా ఎన్నడూ తిరగలేదు. వరుసకూ వరుసకూ మధ్య కట్టిన తాడు కింద నుంచి దూరి పక్క వరుసలో తేలింది. ఆ వరుసలో వస్తున్న కడప పిల్ల బిత్తరపోయి నీళ్ళలోనే నిలబడిపోయింది. మా పాప మాత్రం ఆగకుండా పోయి అందరికన్నా ముందు గోడ ముట్టుకుంది. తన గోడ కాదు, ఆ పిల్ల గోడ.

జెండా పట్టుకున్న పెద్దాయన వచ్చి లెక్కలోకి రాదన్నాడు. నేను ఊరుకుంటానా. తాడు వదులుగా ఉండాది సారూ, అన్నాను. ఎదురుగాలి అన్నాను. నీళ్ళలో ఏదో మందు కలిపి పిల్లకు కళ్ళు కనపడకుండా చేసినారు అని కూడా అనబోతుండగా, టువాలు చుట్టుకుని వణుకుతున్న పాప మధ్యలో అందుకుంది. కోపం లేదు, ఫిర్యాదు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"నువ్వే పైపంటివి గద తాతా."

అందరూ నావైపు తిరిగారు. జెండా పెద్దాయన కూడా.

తిరుగు బస్సెక్కాము. విజిల్ సారు విజిల్‌ను జేబులో పెట్టుకున్నాడు. మెడలో అది లేకుండా ఆయన్ను చూడడం అదే మొదలు. బుడ్డల డబ్బా మూత తీసినవాళ్ళు లేరు. పాప కిటికీ పక్కన కూచుని ఉంది. చాలా దూరం పోయాక నా కొడుకు ముందు సీటులోంచి వెనక్కి తిరిగాడు. వాడి మొహం తూకం వేసేటప్పుడు ఉన్నట్టే ఉంది.

"పైపుకు తగల్లేదు గదా పాపా?"

"లేదు నాయనా. ఎడమకు తిరిగినా."

ముందు కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత జేజి. తర్వాత, మా ఊరికొచ్చాక ఎన్నడూ నవ్వని విజిల్ సారు. నేను ఆ నవ్వులో కలవాలో వద్దో తెలియక, కండక్టరు అడగకపోయినా టికెట్టు వెతుక్కుంటూ కూచున్నాను.

మరునాడు తెల్లవారుజామున నేను లేవలేదు. లేచి ఏం చేయాలి, అంతా అయిపోయింది కదా. దుప్పటి ముసుగులో, ఆ ట్యూషన్ ఇంటికి దారి ఎటా అని ఆలోచిస్తుంటే వాకిట్లో స్కూటరు చప్పుడైంది. బయటికి వచ్చి చూస్తే, తలకు మఫ్లరు చుట్టుకుని నా కొడుకు. వాడి వెనక టువాలు మెడలో వేసుకుని పాప.

లెక్కల ట్యూషన్ ఏమాయెరా అన్నాను.

"సాయంత్రం పోతాది. నడుమ దాంకా ముందుండె గద నాయనా," అన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా. నేను చెప్పుల కోసం తిరిగాను. "నువ్వు వద్దు. పండుకో. నీ గొంతు శానా దూరం పోతాది."

అలా నన్ను బావి గట్టు నుంచి బహిష్కరించారు. రోజూ చీకట్లో తండ్రీ కూతుళ్ళు పోయేవారు, నేను గల్లాపెట్టె దగ్గర కూచుని ఎవరొచ్చినా కడప తాడు ఎంత వదులుగా ఉండిందో చెప్పేవాణ్ణి. తర్వాత పాప రాష్ట్రానికి ఎన్నికై పెద్ద పేరు తెచ్చుకుంది. (ఎన్నికైంది. పేరు సంగతంటారా, జాబితాను కింది నుంచి చదివితే తొందరగా దొరికేది.)

ఇప్పుడు ఆమె కర్నూలులో ఉద్యోగం చేస్తుంది. నేను పోయినప్పుడల్లా ఆదివారం పూట తనతో పాటు ఈత కొలనుకు తీసుకుపోతుంది. దూరంగా నీడలో కుర్చీ వేయించి, "తాతా, ఈడ కూచో. నోరు మాత్రం తెరవద్దు," అని చెప్పి పోతుంది. ఇప్పుడు తల ముంచే ఈదుతుంది, చెవుల మీదికి టోపీ ఉంటుంది, నేను అరిచినా వినపడదు. అయినా నేను నోరు బిగించుకుని బుద్ధిగా చూస్తుంటాను. నేరుగా, తాడు పట్టి గీసినట్టు పోతుంది. సరిగ్గా నడుమకు వచ్చేసరికి మాత్రం ఆమె భుజం ఎడమకు ఒక్క బెత్తెడు ఒరుగుతుంది. మళ్ళీ సర్దుకుని నేరుగా పోతుంది.

నేను ఏమీ అనలేదని ప్రమాణం చేయగలను. (అన్నాను. లోపలే.)